మన చెవిని పెంచిందెవరు?

తెలుగునేల మీద అందరికన్నా గొప్ప పాటగాడు ఎవరు? కృష్ణా డెల్టాలో ఏ పల్లెకైనా పోయి, సాయంత్రం అంబేద్కర్ బొమ్మ గద్దె మీద కూచున్నోళ్ళను ఈ మాట అడిగి చూడండి. డెబ్భై దాటిన తాత ఘంటసాల అంటాడు. పక్కనున్న ఇంకో పెద్దాయన, నాజర్ బుర్రకథ వినని చెవి కూడా ఒక చెవేనా అంటాడు. యాభై ఏళ్ళాయన బాలసుబ్రహ్మణ్యం పేరు చెప్తాడు. క్యాసెట్ల కాలంలో సంఘంలో తిరిగినవాడైతే గద్దర్ అంటాడు, ఇక ఆ పైన మాట లేదంటాడు. ఇరవై ఏళ్ళ పిల్లోడు వీళ్ళెవర్నీ కాదనడు, అలాగని సెల్‌ఫోన్లోంచి తలా ఎత్తడు. ఆడవాళ్ళను అడగాలన్న ధ్యాస మాత్రం ఎవరికీ రాదు. నాట్లలో నలభైమంది చేత ఒక్క గొంతుగా పాడించిన అమ్మ పేరు ఈ లెక్కలోకే రాదు.

తగువు ముదురుతుంది. ఎవరి సాక్ష్యాలు వాళ్ళు తెస్తారు. కానీ ఒక్క సంగతి గమనించండి. వాళ్ళల్లో ఒక్కరు కూడా తన వయసు దాటి మాట్లాడలేదు. మీసం మొలిచేనాటికి ఏ పాట చెవిన పడిందో ఆ మనిషికి చచ్చేదాకా అదే గొప్ప పాట. ఆ పాట పాడినవాడే గొప్పవాడు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అని మన పెద్దలు ఊరికే అన్లేదు.

ఉద్యమ పత్రికకి ఇదేం విషయం, సంపాదకీయం రాయడానికి ఇంకేమీ దొరకలేదా అని కొందరు మిత్రులు అడగొచ్చు. దొరకలేదని కాదు. ఏప్రిల్ 14 దగ్గరపడితే చాలు, మన పల్లెల్లో ఒక తగువు మొదలవుతోంది. జయంతికి డప్పు పెడదామా, డీజే పెడదామా? చందా డబ్బులు కుర్రాళ్ళు డీజే బాక్సులకు అంటారు. పెద్దాళ్ళు డప్పుల దళాన్ని పిలవమంటారు. అదే పల్లెలో ఇంకొందరు పెద్దాళ్ళు డప్పు మాటెత్తితేనే మండిపడతారు, ఆ బానిస బతుకు మళ్ళీ ఎందుకురా అంటారు. ముగ్గురివీ మూడు చెవులు. ఏ చెవిని ఎవరు పెంచారో తెలుసుకోకుండా ఈ తగువు తీరదు. తీరకపోతే పోయేది బాక్సుల అద్దె కాదు, మన పల్లెలో మిగిలిన నలుగురైదుగురు పెద్ద వాయిద్యగాళ్ళ విద్య. వాళ్ళతోపాటే అదీ మట్టిలో కలుస్తుంది.

ముందు రేడియో సంగతి చూద్దాం. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కోస్తా జిల్లాల చెవిని అంతగా పెంచింది మరొకటి లేదు. పొద్దున్నే భక్తిరంజని, మధ్యలో వార్తలు, సాయంత్రం పొలం కబుర్లు. రెండు మూడు తరాల వాళ్ళకు ఇదే సంగీతం బడి. అయితే ఆ బడిలో ఏ పాఠం చెప్పాలో తేల్చింది ఎవరు? మీరు కాదు, మేము కాదు.

1952లో బి.వి.కేస్కర్ అనే ఆయన కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాడు. సినిమా పాట జనం చెవిని పాడుచేస్తోందని ఆయన నమ్మకం. ఆ ఏడాదే సినిమా పాటకి రేడియో తలుపులు మూసేశారు. కాలం చూడండి. 1951లో పాతాళభైరవి వచ్చింది, 1953లో దేవదాసు వచ్చింది. ఘంటసాల గొంతు తెలుగు ఊళ్ళన్నిట్లో మోగుతున్న రోజులవి. సరిగ్గా అప్పుడే అది సర్కారు రేడియోకి పనికిరాని పాటయింది. జనం ఊరుకున్నారా? సిలోన్ రేడియోకి ముల్లు తిప్పుకున్నారు. చివరికి సర్కారే దిగొచ్చి 1957లో వివిధభారతి పెట్టింది.

అంతకన్నా ముందు ఇంకో నిషేధం ఉంది. అది మనకి మరీ దగ్గరిది. 1940లో రేడియో నుంచి హార్మోనియం పెట్టెను వెళ్ళగొట్టారు. అది పరాయి వాయిద్యం, మన గమకం పలకదు అన్నారు. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. మరి హార్మోనియం ఎవరి వాయిద్యం? నాటకాల వాళ్ళది, భజన మందిరాలది, మాలమాదిగ పల్లెల చర్చిలది. ఒక చేత్తో తిత్తి కొడుతూ ఒక చేత్తో మెట్లు నొక్కుతూ పాట కట్టిన పేదోళ్ళది. ముప్పై ఏళ్ళపాటు ఆ పెట్టె చప్పుడు రేడియోలో లేదు. ఆ ముప్పై ఏళ్ళలో పెరిగిన చదువుకున్న చెవికి హార్మోనియం తక్కువ వాయిద్యం అయింది. ఆ చెవి తనంతట తనే అలా తయారైందా? ఒక ఉత్తర్వు తయారుచేసింది.

ఇక రేడియోలో ఆడిషన్ పెట్టారు, గ్రేడులు పెట్టారు. బి అన్నారు, బి హై అన్నారు, ఎ అన్నారు, టాప్ అన్నారు. మన పాటకి మాత్రం జానపదం అని ఒక చిన్న గది కట్టారు. ఊరికి పల్లె ఎంత దూరమో, శాస్త్రీయానికి జానపదం అంత దూరం. తూర్పుగాలి ఊరికి ముందు తగలాలి, పల్లెకి తర్వాత తగలాలి అన్న లెక్క సంగీతానికి కూడా కట్టారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. బాలమురళీకృష్ణ గొప్పవాడు కాదని మేము అనడం లేదు. 1930లో గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టి, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర నేర్చుకుని, పిల్లవాడుగా కచేరీలు చేసి, విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాలై, 2016లో చనిపోయేదాకా పాడినవాడు. ఆ గొంతుని ఎవరు కాదంటారు? కానీ ఆయన్ని పొగిడేవాళ్ళు మొదట చెప్పే మాట చూడండి. త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి, ఆయన శిష్యుడు బాలమురళి. ఐదు తరాల పేర్లు వేలు మడిచి చెప్పగలరు. దీన్ని పరంపర అంటారు. గురువు చెవి శిష్యుడికి, శిష్యుడి చెవి వాడి శిష్యుడికి. అంటే ఏంటి? అది కూడా ఒకరు పెంచిన చెవే కదా. మన తాత ఘంటసాల అంటే, అది వయసు చేసిన ఇష్టం అట. వాళ్ళ తాత త్యాగరాజు అంటే, అది ప్రమాణం అట. మనది అలవాటు, వాళ్ళది సంప్రదాయం. తేడా గొంతులో లేదు, పేర్లు రాసిపెట్టుకోవడంలో ఉంది. ఐదు తరాల డప్పు గురువుల పేర్లు మన పల్లెలో ఎవరైనా చెప్పగలరా? విద్య ఐదు తరాలది కాకపోలేదు. రాసినవాడు లేడు.

ఆ మృదంగం సంగతే తీసుకోండి. మద్రాసు గాయకుడు టి.ఎం.కృష్ణ 2020లో సెబాస్టియన్ అండ్ సన్స్ అని ఒక పుస్తకం రాశాడు. మృదంగాలు తయారుచేసే వాళ్ళ చరిత్ర అది. తమిళనాడులో ఆ పని తరతరాలుగా చేస్తున్నవాళ్ళలో దళిత క్రైస్తవులు చాలామంది. పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగం గురించి ఊళ్ళకు ఊళ్ళు చెప్పుకున్నాయి. ఆ మృదంగానికి తోలు ఏరి, ఎండబెట్టి, బిగించి, నాదం పలికించిన పర్లాందు పేరు ఎంతమంది చెప్పుకున్నారు? ఆవు తోలు లేకుండా మృదంగం లేదు, ఆ తోలు పట్టుకున్న చేతికి మాత్రం సభలో చోటు లేదు. ఆ పుస్తకం ఆవిష్కరణకి చోటిస్తామని ఒప్పుకున్న కళాక్షేత్ర ఆఖరు ఘడియల్లో కాదంది. పుస్తకానికే చోటివ్వని వాళ్ళు మనిషికి ఇస్తారా?

సినిమా ఒక మేలు చేసింది, అది ఒప్పుకుని తీరాలి. మైకు సెట్టులోంచి వచ్చే పాట ఎవరి కులమూ అడగలేదు. గుడిలో కచేరీకి మన తాతని రానివ్వలేదు గానీ, టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని ఘంటసాలని విన్నాడు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, విజయనగరంలో వారాలు చేసుకుని సంగీతం నేర్చి, 1942 ఉద్యమంలో జైలుకెళ్ళిన ఆయన గొంతులో మన తాతకి తన ఆకలి వినపడింది. అందుకే ఆ పేరు చెప్పేటప్పుడు తాత కళ్ళు తడుస్తాయి. అది తప్పు కాదు. తక్కువ కూడా కాదు.

ఇప్పుడు విజయవాడ వెళ్ళి ఆ సంగీత కళాశాల బోర్డు చూడండి. ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల అని ఉంటుంది. 1952లో రేడియోకి పనికిరాని సినిమా పాట పాడినవాడి పేరు, శాస్త్రీయ సంగీతం నేర్పే సర్కారు కాలేజీకి పెట్టారు. సినిమా పాట మారిందా? మారలేదు. వినే తరం మారింది. ఘంటసాల పాట వింటూ పెరిగిన పిల్లలు ఎదిగి ఆఫీసర్లయ్యారు, మంత్రులయ్యారు. వాళ్ళ చెవి అధికారంలోకి వచ్చింది. అంతే.

1980లో శంకరాభరణం వచ్చింది. శాస్త్రీయ సంగీతం చచ్చిపోతోందని ఏడ్చిన సినిమా అది. ఒక తరానికి తరం శాస్త్రీయ సంగీతం అంటే అదే అనుకుంది, పిల్లల్ని సంగీతం టీచర్ల దగ్గర చేర్పించింది. ఆ శంకరశాస్త్రికి గొంతు ఇచ్చినవాడు బాలసుబ్రహ్మణ్యం. ఆయన ఏ గురువు దగ్గరా పద్ధతిగా కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాడు కాదు. ఆ పాటలకే ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. సంప్రదాయాన్ని నిలబెట్టడానికి కూడా సంప్రదాయం బయటివాడే కావాల్సి వచ్చింది. ఈ సంగతి ఎవరైనా గట్టిగా చెప్పారా?

ఇక మన ఇంటి సంగతి. మాలమాదిగలకి సంగీతం ఏం తెలుసు, గంతులు తప్ప అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూపించండి. పాట మీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి 1890లో పోయాడు. ఆయనా ఆయన తర్వాతి వాళ్ళూ కట్టిన కీర్తనలు నూరేళ్ళకు పైగా డెల్టా పల్లెల్లో ప్రతి ఆదివారం పాడుతున్నారు. చదువురాని మన నాయనమ్మలు ఆ రాగాల్ని చెవితో పట్టి, నోటితో మనకి అప్పజెప్పారు. రాగం పేరు అడిగితే చెప్పలేకపోవచ్చు, తప్పు పాడితే మాత్రం అక్కడే ఆపేవాళ్ళు. ఇది పరంపర కాదా?

హరిశ్చంద్ర నాటకం సంగతి మీకు తెలిసిందే. డెల్టాలో ఆ నాటకం ఆడని తిరనాళ్ళు లేదు. కాటి సీను వస్తే జనం కదలరు. ఆ సీనులో వన్స్ మోర్ కొట్టించుకునే పద్యాలు బలిజేపల్లి వారి నాటకంలోవి కావు, గుర్రం జాషువా పద్యాలు. వినుకొండలో పుట్టిన జాషువా శ్మశానవాటి పద్యాల్ని నటులే తెచ్చి ఆ సీనులో పెట్టుకున్నారు. పాడిన నటుడికి ఈలలు, దండలు, వెండి పతకాలు. రాసిన అంటరానివాడి పేరు ఆ రాత్రి ఎంతమందికి తెలుసు? అన్నం తిననివ్వని ఇంట్లో కూడా ఆయన పద్యం పాడుకున్నారు. పాటకి అంటు లేదు, మనిషికే అంటు.

నాజర్ కథ కూడా ఇలాంటిదే. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టాడు. ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథని జంగాల చేతి విద్య స్థాయి నుంచి లక్షలమంది వినే కళగా ఎదిగించాడు. నిర్బంధాలు ఓర్చుకున్నాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో చనిపోయాడు. తన కథ చెప్పుకున్న పుస్తకానికి పింజారి అని పేరు పెట్టుకున్నాడు. తిట్టుగా వాడిన మాటనే తలపాగాగా చుట్టుకున్నాడు. ఆయన్ని చూసిన తరం పోతే, ఆయన గొప్ప సంగతి ఎవరు చెప్తారు? పుస్తకాల్లో రెండు వాక్యాలు మిగుల్తాయి.

ఇది మన దేశం గొడవ ఒక్కటే కాదు. అమెరికాలో నల్లవాళ్ళ పాటలకి 1920ల్లో రేస్ రికార్డులని వేరే పేరు పెట్టి, వేరేగా అమ్మారు. హౌండ్ డాగ్ అనే పాటని బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్ల స్త్రీ 1952లో రికార్డు చేసింది. 1956లో అదే పాటని ఎల్విస్ ప్రెస్లీ అనే తెల్ల కుర్రవాడు పాడితే లోకమంతా ఊగిపోయింది. ఆ తరం తెల్లపిల్లలకి పాట అంటే ఎల్విస్. మొదట పాడిన ఆమె పేరు తర్వాతివాళ్ళు వెతికి తవ్వి తీయాల్సి వచ్చింది. మన దళిత పాంథర్లు 1972లో నల్ల పాంథర్ల పేరు ఊరికే పెట్టుకోలేదు. రోగం ఒకటే, మందు కూడా ఒకటే.

ఇప్పుడు డప్పు దగ్గరికి వద్దాం. ఇక్కడ మనం బయటివాళ్ళని తిట్టి తప్పించుకోలేం. మనలో మనకే రెండు తరాలు, రెండు చెవులు.

1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొర దగ్గర వేలమంది మాదిగలు క్రైస్తవం పుచ్చుకున్నారు. 1878 కరువు తర్వాత అయితే ఏరులా వచ్చారు. చచ్చిన పశువు మాంసం తినం, ఆదివారం పనికి రాం, మీ జాతరలకి డప్పు కొట్టం అని వాళ్ళు ఊరి పెద్దలకి ఎదురు చెప్పారు. దానికి దెబ్బలు తిన్నారు, వెలి అనుభవించారు. డప్పు కింద పెట్టడమే వాళ్ళ తిరుగుబాటు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెప్పిందీ ఇదే దారి. చచ్చిన గొడ్డు మాంసం ముట్టొద్దు, నీచమైన చాకిరీ వదిలెయ్యండి అన్నాడు. ఆ మాట విని మన తాతలు డప్పు అటకెక్కించారు. అందుకే వాళ్ళకి ఆ చప్పుడు వింటే వెట్టి గుర్తొస్తుంది. కామందు ఇంట్లో చావుకి అర్ధరాత్రి లేపి తీసుకుపోయిన రోజులు గుర్తొస్తాయి. వాళ్ళది మూర్ఖత్వం అనొద్దు. ఆ చెవిని దెబ్బలు పెంచాయి.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. పేరులోనే డప్పు ఉంది. తాతలు దాచిన డప్పుని మనవలు దించి, చింతగింజల జిగురుతో మళ్ళీ తోలు బిగించి, మంట మీద కాచి, చిర్రా చిటికెనపుల్లా పట్టుకుని రోడ్డెక్కారు. పేరు చివర కులం పేరు తగిలించుకున్నారు. కింద పెట్టడం ఎలా తిరుగుబాటో, పైకెత్తడం కూడా అలాగే తిరుగుబాటయింది. ఆ తరానికి డప్పుని మించిన సంగీతం లేదు.

ఎవరు రైటు? ఇద్దరూ రైటే. డప్పు అదే. కొట్టమన్నది ఎవరు అన్నదే తేడా. ఊరి పెద్ద కొట్టమంటే కొడితే అది వెట్టి. మన మీటింగుకి మనం కొడితే అది మన వాద్యం. ఈ ఒక్క మాట తాతకీ మనవడికీ మధ్య కూచుని చెప్పగలిగితే సగం తగువు తీరుతుంది. మాలలు, మాదిగలు ఇద్దరూ వినాల్సిన మాట ఇంకొకటి ఉంది. కీర్తన పాడే గొంతు గొప్పది, డప్పు కొట్టే చెయ్యి తక్కువది అనే ఆలోచన మన పల్లెల్లో కూడా ఉంది. అది మనువు మన చెవిలో ఊదిపోయిన మాట. దాన్ని ముందు కడుక్కోవాలి.

గద్దర్ గురించి కూడా నిజం మాట్లాడుకుందాం. 1949లో తూప్రాన్‌లో దళితుల ఇంట పుట్టి, గొంగడి భుజాన వేసుకుని, కాలికి గజ్జె కట్టి, మన పాటని ప్రభుత్వాలే భయపడే స్థితికి తెచ్చాడు. 1997 ఏప్రిల్ 6న తూటాలు తిన్నాడు, ఒక తూటా ఒంట్లో పెట్టుకునే 2023 ఆగస్టు దాకా బతికాడు. రేడియో కాదన్నదాన్ని, సినిమా వాడుకున్నదాన్ని ఆయన క్యాసెట్టు మన గుమ్మంలోకి తెచ్చింది. మన తరం చెవిని పెంచినవాడు ఆయన. అయితే మనం కూడా ఒక పని చేశాం. విన్న ప్రతి ఉద్యమ పాటనీ ఆయన ఖాతాలో రాసేశాం. మా భూమి సినిమాలో ఆయన పాడిన బండి పాట తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరిది. ఇది ఎంతమందికి తెలుసు?

అంత దూరం ఎందుకు, కంచికచర్ల తీసుకోండి. 1968లో కోటేశుని సజీవంగా తగలబెట్టిన ఊరు అది. ఆ ఊరి నుంచే కలేకూరి ప్రసాద్ వచ్చాడు. 1964లో పుట్టి 2013లో పోయాడు. ఆయన రాసిన పాటలు సినిమాకి ఎక్కాయి, కాలేజీ స్టేజీల మీద పిల్లలు ఏడుస్తూ పాడారు. కానీ రాసింది మన కృష్ణా జిల్లా దళితుడని తెలియకుండానే పాడారు. జాషువా పేరు చెప్పని నాటకాల వాళ్ళని ఇందాక తిట్టాం. కలేకూరి పేరు చెప్పని మనల్ని ఎవరు తిట్టాలి?

2024లో తెలంగాణ ప్రభుత్వం నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరుతో సినిమా అవార్డులని ప్రకటించింది. 2025 జూన్‌లో ఇచ్చింది కూడా. ఘంటసాలకి కాలేజీ బోర్డు ఎలా వచ్చిందో ఇదీ అలాగే వచ్చింది. ఆయన పాట వింటూ పెరిగిన తరం అధికారంలోకి వచ్చింది. సంతోషమే. కానీ జాగ్రత్తగా ఉండాలి. పేరు బోర్డు మీదికి ఎక్కినప్పుడు పాట గొంతులోంచి జారిపోతుంది. సినిమా హీరోలు ఆ జ్ఞాపిక పట్టుకుని ఫోటో దిగుతారు. ఆ పాటలో అడిగిన భూమి సంగతి ఎవడూ ఎత్తడు.

చివరికి మన పిల్లలు. వాళ్ళని తిట్టి లాభం లేదు. కేస్కర్ మంత్రి మన తాతల చెవికి కాపలా కాశాడు. ఇవాళ పిల్లల చెవికి సెల్‌ఫోను కంపెనీలు కాపలా కాస్తున్నాయి. ఒక పాట వింటే అలాంటివే ఇంకో పది ముందు పెడతాయి. పిల్లోడు నేనే ఎంచుకున్నాను అనుకుంటాడు. తాత కూడా అలాగే అనుకున్నాడు. తినిపించే చెయ్యి మారింది, తింటున్న సంగతి ఇద్దరికీ తెలియలేదు. డీజే బాక్సుల ముందు ఎగిరే కుర్రాడు జాతికి ద్రోహి కాదు. వాడి చేతికి డప్పు ఇచ్చి, ఇది ఫలానా తాత దరువు, ఆయనకి ఫలానా వారు నేర్పారు అని చెప్పినవాడు లేడు. మనం పెంచకపోతే ఆ చెవిని ఇంకొకడు పెంచుతాడు. ఖాళీగా మాత్రం ఉండదు.

అందుకని ఎవరు గొప్ప అన్న తగువు పక్కన పెడదాం. పనికొచ్చే పనులు నాలుగున్నాయి.

ఒకటి. ప్రతి పల్లె కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టండి. డప్పు వాయించేవాళ్ళు, కీర్తనలు పాడేవాళ్ళు, బుర్రకథ వంతలు, నాట్ల పాటలు పాడించే అమ్మలు, హార్మోనియం వాయించేవాళ్ళు, తోలు బిగించేవాళ్ళు, అందరి పేర్లూ రాయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాళ్ళకి ఎవరు నేర్పారు, ఎంత వెనక్కి వెళ్ళగలిగితే అంత వెనక్కి వెళ్ళి రాయండి. మన పరంపర అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఆడవాళ్ళ పేర్లు మొదటి పేజీలో రాయండి.

రెండు. పిల్లల చేతిలో ఉన్న ఆ సెల్‌ఫోనుతోనే పెద్దాళ్ళ పాట, దరువు రికార్డు చేయించండి. వాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటేనే చేయండి. పాడినవారి పేరు, కట్టినవారి పేరు, ఊరి పేరు మాటలో చెప్పించి దాచండి. పేరు చెప్పకుండా ఏ పాటా మన స్టేజీ ఎక్కకూడదు.

మూడు. జయంతికి డప్పుల దళాన్ని పిలిస్తే కూలి ఇచ్చి, కుర్చీ వేసి, దండ వేసి పిలవండి. స్టేజీ కింద నిలబెట్టి కొట్టించొద్దు. నేర్చుకోవాలనుకునే ఏ కులం పిల్లకైనా, పిల్లోడికైనా నేర్పండి. ఇష్టం లేనివాణ్ణి కులం పేరు చెప్పి కొట్టమనొద్దు. డీజే కావాలంటే పెట్టుకోనివ్వండి. డప్పు మోగాక డీజే, డీజే మోగాక డప్పు కాదు.

నాలుగు. విజయవాడ సంగీత కళాశాల మన పన్నుల డబ్బుతో నడిచేదే. మన పిల్లల్ని అక్కడికి పంపండి. వీణ, వయొలిన్, మృదంగం నేర్చుకోనివ్వండి. ఏ విద్యా ఎవడి సొత్తూ కాదు. మృదంగానికి గురువు, పాఠం, పరీక్ష, సర్టిఫికెట్ ఉన్నట్టే డప్పుకీ ప్రతి ప్రభుత్వ సంగీత కళాశాలలో ఉండాలని అర్జీలు పెట్టండి. మనం కచేరీకి పోయి విందాం. వాళ్ళనీ మన పల్లెకి వచ్చి వినమందాం. మన చెవి వాళ్ళ పాటకి ఎప్పుడో అలవాటుపడింది. ఇక వాళ్ళ చెవి పెరగాలి.

ఇందులో దేనికీ లక్షలు అక్కర్లేదు. పది రూపాయల నోటు పుస్తకం, ఒక సెల్‌ఫోను, ఆదివారం సాయంత్రం రెండు గంటలు చాలు. మీ పల్లె పుస్తకంలో రాసుకున్న పేర్లు మాకు పంపండి. వరసగా ఈ పత్రికలో అచ్చువేస్తాం. ఈ వానాకాలం లోపు పని మొదలుపెట్టండి. పెద్దాళ్ళు మన కోసం ఆగి కూచోరు.

జై భీమ్.